కోదాడ దారిన వచ్చిన పంద్రాగస్టు

పంద్రాగస్టూ! మా ఊళ్ల జెండా పండుగా! నీకు దండం.

తెల్లవారకముందే పిల్లలను లేపి ప్రభాత భేరి తీయిస్తావు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాలకు కాగితపు జెండాలు గుచ్చుతావు. ముడిచిన జెండాలో బంతిపూల రేకులు దాచి, తాడు లాగగానే తలల మీద రాలుస్తావు. నాట్లకు పోయే ఆడవాళ్లను బడి గేటు ముందర కాసేపు నిలబెడతావు. ఏ కులమని అడగవు, ఏ దేవుడని అడగవు. ఊరందరికీ ఒకే మిఠాయి పంచుతావు.

1947లో నువ్వు దేశానికి వచ్చావు. సూర్యాపేటకు రాలేదు. కోదాడకు రాలేదు. మిర్యాలగూడకు రాలేదు. ఇక్కడ నిజాం రాజ్యం నడుస్తోంది, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల రోజులు నడుస్తున్నాయి. మూడు రంగుల జెండా ఎత్తడం ఈ గడ్డ మీద నేరం. దేశం పండుగ చేసుకున్న నాడే హైదరాబాదులో స్టేట్ కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థను నిర్బంధించారు.

అయినా ఈ సీమ నడుమ నీకొక లోగిలి ఉండింది. అది మునగాల పరగణా. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో స్వతంత్ర భారతంలోని కృష్ణా జిల్లాకు చెందిన గ్రామాలు. కోదాడకూ సూర్యాపేటకూ నడుమ, ఒక చేను గట్టుకు ఇవతల స్వాతంత్ర్యం, అవతల ఎదురుచూపు. 1959లో నల్లగొండ జిల్లాలో కలిసేదాకా ఆ పరగణా కృష్ణా జిల్లాదే.

ఆ పరగణాలోని నడిగూడెమా, నీకూ దండం! మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఆదరణలో పింగళి వెంకయ్య నీ దగ్గర కొన్నేళ్లు ఉన్నారు. పత్తి వంగడాల మీద పరిశోధన చేసి పత్తి వెంకయ్య అనిపించుకున్నారు. 1916లో జాతీయ జెండా ఎలా ఉండాలో పుస్తకం రాశారు. 1921లో బెజవాడలో గాంధీజీ చేతికి నమూనా అందించారు. పత్తి గింజ మొలకెత్తడాన్ని ఓపికగా చూసిన కళ్లే ఒక గుడ్డ మీద దేశాన్నంతా చూశాయి.

పంద్రాగస్టూ, నీ కోసం ఈ నేల చేతులు కట్టుకుని కూర్చోలేదు. దొరల గడీల ముందు వెట్టి చేసిన వాళ్లు సంఘం కట్టారు. వడిసెలలు పట్టారు, కర్రలు పట్టారు, చివరికి తుపాకులు పట్టారు. సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం దళం నడిపితే, ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది సర్కారు. ఆమె ఎవరికీ చిక్కలేదు. ఇమ్రోజ్ పత్రికలో భారతదేశంలో కలవాలని రాసిన షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపారు. ఆయన కలమూ, ఆమె తుపాకీ నీ రాకకే బాట వేశాయి.

1948 సెప్టెంబరు 13న బెజవాడ వైపు నుంచి భారత సైన్యం కదిలింది. పొద్దున్నే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల, ఆ తర్వాత సూర్యాపేట. వెనుదిరిగిన నిజాం సేన మూసీ వంతెనను కూల్చిపోయింది. సైనికులు దాన్ని బాగుచేసుకుని ముందుకు సాగారు. 17న నిజాం లొంగిపోయాడు. పదమూడు నెలలు ఆలస్యంగా నువ్వు మా వాకిట అడుగుపెట్టావు.

ఆ రాకలో కన్నీళ్లూ ఉన్నాయి. సైనిక చర్య తర్వాత హైదరాబాద్ రాజ్యంలోని కొన్ని జిల్లాల్లో ఏ పాపమూ ఎరుగని ముస్లింలు వేలమంది బలయ్యారు. నిజాం రాజ్యం పోయినా 1951 అక్టోబరు దాకా సంఘం మీద తుపాకులు ఆగలేదు. నిన్ను కీర్తిస్తూ ఈ మాటలు దాచను. దాచితే నీ కీర్తే చిన్నబోతుంది.

తర్వాత నువ్వు నీళ్లుగా వచ్చావు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారినచోటల్లా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి చేలయ్యాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి బియ్యం లారీలు దూర ప్రాంతాలకు కదిలాయి. రాజుకు మొక్కిన చేతులకు సొంత పంట దక్కడం కన్నా పెద్ద వందనం ఏ జెండాకు ఉంటుంది?

సెప్టెంబరు 17ను విమోచనమని కొందరు, విలీనమని కొందరు, సమైక్యతని మరికొందరు అంటారు. ఆ వాదులాట సాగనీండి. ఈ మూడు ఊళ్ల బడిపంతుళ్లారా, మీకొక మనవి. ఈ ఏడు జెండా ఎగరేశాక, మిఠాయి పంచకముందే పిల్లలకు రెండు తేదీలూ చెప్పండి. ఈ పండుగ మన ఊరికి ఆలస్యంగా వచ్చిందని, దాన్ని రప్పించినవాళ్లలో మన అవ్వలూ తాతలూ ఉన్నారని చెప్పండి.