త్రాసు చెప్పని సంగతి

చిక్కుట రోగమనియు, ఒళ్ళు చేయుట ఆరోగ్యమనియు మన పల్లెలలో పాత లెక్క. హెచ్.ఐ.వి. మందుల విషయమున ఈ లెక్క రెండు మారులు తప్పినది.

2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుట ప్రారంభించినది. ఆనాటి మాత్రలలో స్టావుడిన్ ఒకటి. చవుకది, వైరసును బాగుగనే అణచెడిది. కాని మన కణములలోని మైటోకాండ్రియాలు తమ డి.ఎన్.ఏ.కు నకలు తీసికొనుటకు వాడు ఎంజైమును గూడ అది అడ్డగించును. మైటోకాండ్రియా కణమునకు పొయ్యి వంటిది. పొయ్యి ఆరినచో క్రొవ్వు కణము నశించును. బుగ్గలు లోపలికి పోవును, కాలుసేతులు పుల్లలగును. ప్రాణము నిలిచినది గాని, ముఖమే రోగమును చాటినది. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన కృష్ణా మెట్టప్రాంతపు జగ్గయ్యపేట, నందిగామల చుట్టుపట్ల, ఒకరినొకరు ఎరిగిన ఊళ్ళలో, ఇది చిన్న శిక్ష కాదు. ధనిక దేశములు అప్పటికే ప్రక్కన పెట్టిన ఈ మందును క్రమముగా మానుడని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో గాని చెప్పలేదు.

నేటి మాత్రలో టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలవు. దినమునకు ఒక్కటి చాలును. మేలైనదనుటలో సందేహము లేదు. మానినచో వైరసు తిరిగి లేచును. అయితే దీనితో కొందరు బరువెక్కుదురు. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ పరిశోధన ఫలితములు 2019లో వెలువడినవి. ఇంచుమించు ఇదే కూర్పు వాడిన స్త్రీలు సగటున 3.2 కిలోలు, పాత ఎఫావిరెంజ్ కూర్పు వాడినవారు 1.7 కిలోలు పెరిగిరి. ఎఫావిరెంజే బరువును పెరుగనీయలేదను వాదము కూడ కలదు గనుక, తప్పంతయు కొత్తమందు నెత్తిన రుద్దరాదు.

తప్పు పట్టవలసినది కొలతను. మిరపచేల కూలికి పోవు స్త్రీ నాలుగు కిలోలు పెరిగినచో, "ఒళ్ళు చేసింది, ఇక భయం లేదు" అని ఇంటివారు సంతోషింతురు. ఆ నాలుగు కిలోలు కండయో, పొట్టలోని క్రొవ్వో త్రాసు చెప్పజాలదు. దర్జీవాని టేపు కొంత చెప్పును: భారతీయ స్త్రీకి నడుము 80, పురుషునకు 90 సెంటీమీటర్లు దాటినచో చక్కెర పరీక్ష చేయింపవలెను.

చక్కెర వ్యాధి బయటపడిన తరువాత మరియొక చిక్కు గలదు. దానికి సాధారణముగా ఇచ్చు మెట్‌ఫార్మిన్ పాలును డోలుటెగ్రావిర్ రక్తములో హెచ్చించును. అందుచే దినమునకు 1000 మిల్లీగ్రాములు మించనీయరు. హెచ్.ఐ.వి. చీటీ విజయవాడలో, చక్కెర చీటీ జగ్గయ్యపేటలో వ్రాయించుకొని, సిగ్గుచే మొదటిదానిని దాచినవారి విషయమున ఈ పరిమితిని ఏ వైద్యుడు పాటింపగలడు?