నీ కీళ్లకు దండం

ఓ తోలుబొమ్మా, నిన్ను చాపమీద పరిచి చూసేవాడికి నువ్వు సగమే కనబడతావు. మేకతోలు, ఎండిన రంగు, చిల్లులు, నాలుగు ముడులు. వెల కట్టడానికి వచ్చినవాడు అక్కడితో ఆగితే నిన్ను చూడనట్టే లెక్క. నిన్ను నిలువునా లేపి వెలుతురుకు అడ్డంగా పట్టాలి. అప్పుడు గానీ నీ ఒంట్లోకి ప్రాణం రాదు.

మా క్యాతగానచెర్లులో వెలుతురుకు కొదవ లేదు. కొదవంతా వానకే. ఈ ఊరూ, తిరుమణీ, వళ్లూరూ, బళసముద్రమూ, రాయచెర్లూ కలిపి పదమూడు వేల ఎకరాలు ఇవాళ సోలార్ పలకల కింద ఉన్నాయి. రైతులు భూమి అమ్ముకోలేదు, కౌలుకిచ్చారు. శెనక్కాయ పండిన చేలల్లో ఇప్పుడు 2,050 మెగావాట్ల కరెంటు పండుతోంది. మేమున్నది కర్ణాటకలో, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు. నిన్ను ఆడించేవాళ్లదీ అదే బతుకు కదా బొమ్మా! ఇంట్లో ఆరె మరాఠీ, తెర మీద తెలుగు, ఎల్ల దాటితే కన్నడం. అందుకే నువ్వు మాకు పరాయిదానివి కావు.

ఇంత ఎండలో, పడమటి కిటికీకి ఎదురుగా, హనుమంతుణ్ణి ఎత్తి పట్టుకున్నాను. పచ్చని ఒళ్లు ఒక్కసారిగా లేతాకు రంగుకు తిరిగింది. కిరీటం మీద, దండకడియాల మీద, నడుం పట్టీ మీద తెల్లటి చుక్కలు భగ్గుమన్నాయి. నగలకు బంగారు రంగు పూయలేదు, చిల్లు కొట్టారు. గుండ్రంగా ఒకటి, నెలవంకలా ఒకటి, వడ్లగింజలా ఒకటి, వరస తప్పకుండా. దగ్గరగా చూస్తే ఏ రెండూ ఒక్క కొలతలో లేవు. ఉలి దిగిన చోటల్లా అంచు కొంచెం లోపలికి ఒంగి ఉంది. మిషను కొట్టిన చిల్లుకు ఈ ఒంపు రాదు. వేలి కొసతో తడిమితే తెలుస్తుంది. ఆ వేలే నీకు తూకం రాయి.

చిల్లుల తర్వాత కీళ్లు. భుజం దగ్గర రెండు తోళ్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, దారం దూర్చి, అటో ముడి ఇటో ముడి వేశారు. మోచేతి దగ్గరా అంతే. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది. వదులైతే పుల్ల లేపినా చెయ్యి వేలాడుతుంది. ఆ రెండింటికీ నడుమ ఒక చోటుంది. ఆ చోటు దొరికిన బొమ్మే హనుమంతుడౌతుంది, తక్కినవన్నీ హనుమంతుడి పటాలే. నిలువునా చీల్చిన బద్దలో నీ వెన్ను ఇరికించి, చేతికి వేరే పుల్ల తగిలించి కదిపితే, గద భుజం మీదికి పోయి, మళ్లీ నేలకు దిగి, మళ్లీ పోవాలి. పోయింది. దండం స్వామీ!

కీళ్లతో రూపం మార్చే బొమ్మలంటే లోకానికి ఇప్పుడు గుర్తొచ్చేవి వేరు. జపానులో టకారా కంపెనీ చేసిన డయాక్లోన్, మైక్రోమన్ బొమ్మలను అమెరికాలోని హాస్‌బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అంగళ్లకు తెచ్చింది. లారీ విప్పితే మనిషి, మనిషిని మడిస్తే లారీ. ఆ లారీమనిషి ఆప్టిమస్ ప్రైమ్ అంటే నలభై ఏళ్ల తర్వాత కూడా పెద్దవాళ్లు పిల్లలౌతారు. సేకరించేవాళ్లు ఆ బొమ్మనూ కీలు దగ్గరే పరీక్షిస్తారు. మోకాలు నిలబడుతుందా, మడిచినప్పుడు లారీ పక్కలు అతుక్కుంటాయా, రంగు రాలిందా అని చూస్తారు. ఆ శ్రద్ధ నాకు ఇష్టం. పెట్టె ముద్ర కూడా విప్పని బొమ్మకే అన్నిటికన్నా ఎక్కువ ధర పలుకుతుందనే లెక్క మాత్రం నాకు మింగుడుపడదు. మారడానికే పుట్టిన బొమ్మ ఒక్కసారైనా మారకపోతే దానికి జరిగిన మేలేమిటి?

నీకు పెట్టె లేదు తల్లీ. ఆట ముగిస్తే మూటలో ఒకళ్ల మీద ఒకళ్లు పడుకుంటారు, రాముడూ రావణుడూ. మళ్లీ తెర కడితే లేస్తారు. రెండు వైపులా రంగు వేశారు గనుక, కుడికి చూసేవాణ్ణి తిప్పితే ఎడమకు చూస్తాడు. ఇప్పటిదాకా లంకకు పోయినవాడు ఇప్పుడు లంకనుంచి వస్తున్నాడు. సీతమ్మ ఎదుట ఒదిగి కూర్చునే హనుమకు చిన్న బొమ్మ, ఆకాశమంత పెరిగే హనుమకు నిలువెత్తు బొమ్మ. ఒక్కటి కొని గోడకు తగిలించినవాడు ఆయనలో ఒక్క ఘడియనే కొన్నాడు. ఒక కథకు కావలసిన బొమ్మలన్నీ ఒక్క చోట ఉన్న మూటకే నేను పెద్ద వెల కడతాను. వాటిలో రెండు చినిగినా, మూడు రంగు వెలిసినా సరే.

చినుగు లోపం కాదు. లేపాక్షి గుడి కప్పు మీద బొమ్మలకున్న కోణపు ముక్కూ సూదికళ్లూ నీకూ ఉన్నాయి. అక్కడ పెచ్చులూడిన చోట సున్నం పూసి సరిచెయ్యమని బుద్ధున్నవాడెవడూ అడగడు. నీ మోచేతి దగ్గర వేరే తోలు ముక్క అతికి, వేరే దారంతో కుట్టి ఉంటే, అది నువ్వు ఆడావన్న సాక్ష్యం. ఆముదం దీపాల కాలం నాటి బొమ్మకు దీపం వైపు మసి పట్టి ఉంటుంది. దాన్ని తుడిచి మెరుగు పెట్టి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

బెంగుళూరు చిత్రకళా పరిషత్తులో ఎం.ఎస్. నంజుండరావు సేకరించిన తోలుబొమ్మలున్నాయి. ఆయన కూడబెట్టకపోతే వాటిలో ఎన్ని చెదల పాలయ్యేవో. ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. అయినా అద్దం అవతల కదలకుండా నిలబడ్డ ఆ చేతులను చూస్తే నా చేతులు ఊరుకోవు.

పెన్న వెంట నాగలమడక దాటి ఆంధ్రలోకి దిగితే, ధర్మవరం పక్కన నిమ్మలకుంట ఉంది. నీ పుట్టిల్లు. అక్కడి బొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. కన్నడం వైపు కొప్పళ జిల్లాలో బొమ్మలాడించే భీమవ్వ శిళ్లేక్యాతరకు 2025లో, తొంభయ్యారేళ్ల వయసులో వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. పేరుకు లోటు లేదు. కానీ నిమ్మలకుంట ఉలులు ఇవాళ ఎక్కువగా కొడుతున్నది దీపపు తొడుగులకు, గోడ పటాలకు. అవి అందమైనవే, వాటితోనే పొయ్యి వెలుగుతోంది, తప్పు పట్టను. దీపపు తొడుగుకు కీలు అక్కర్లేదు, అదొక్కటే నా దిగులు. ముడి వేసే చెయ్యి రెండు తరాలు ఊరికే ఉంటే, బిగువుకూ వదులుకూ నడుమ ఉన్న ఆ చోటు ఎవరికి గుర్తుంటుంది?

అందుకని కొనేవాళ్లను ఒకటి అడుగుతున్నాను. నిమ్మలకుంటకే పొండి. బొమ్మను లేపి చూపించమనండి, చెయ్యి ఆడించమనండి, తిప్పమనండి. బేరం బొమ్మ మీద తెగాక, ఒక రాత్రి ఆటకు కూడా వేరుగా డబ్బు కట్టండి. హార్మోనియానికీ, మద్దెలకూ, తాళాలకూ, పాటకూ కలిపి. ఎక్కడ ఆడించాలో తెలియకపోతే మా ఊరికి తోలండి. తెరకు రెండు తెల్ల పంచెలు మేమిస్తాం, కరెంటు ఎటూ ఉంది. ఈ సీమలో వాన కోసం విరాటపర్వం ఆడించడం పెద్దల నాటి అలవాటు. ముందు అదే ఆడమనండి.