పాత అచ్చు, పచ్చని ఆకు

పుస్తకాలు పోగేసేవాళ్లలో రెండు తెగలున్నాయి. చదవడానికి పోగేసేవాళ్లు ఒకరు, పోగేయడానికే పోగేసేవాళ్లు ఇంకొకరు. ఈ రెండో తెగవాళ్లని చూస్తే మనకి నవ్వొస్తుంది. ఒకే పుస్తకం ఏడు ప్రతులు కొన్న మనిషి, ఒకే రంగు చీరలు ఏడు కొన్న మనిషిలా కనిపిస్తాడు. కానీ చీరల సంగతి తెలిసినవాళ్లం కనక మనం ఒకటి ఒప్పుకోవాలి. ఒకే రంగు అన్నది దూరం నుంచి చూసేవాళ్ల మాట. చేతిలోకి తీసుకుంటే అంచు వేరు, కొంగు వేరు, నేత వేరు.

అమెరికా కవి వాల్ట్ విట్మన్ ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ సంగతి సరిగ్గా ఇదే. ఆ పుస్తకం పాత ముద్రణల కోసం ఆస్తులు ఖర్చుపెట్టేవాళ్లున్నారు. 1855లో బ్రూక్లిన్‌లోని ఒక చిన్న అచ్చాఫీసులో మొదటి కూర్పు వచ్చింది. వేసినవి 795 ప్రతులు. అందులో ఉన్నవి పన్నెండు కవితలు, దేనికీ తనదంటూ పేరు లేదు. ముఖపత్రం మీద కవి పేరు కూడా లేదు! ఎదుటి పేజీలో మాత్రం బొమ్మ ఉంది. టోపీ ఓరగా పెట్టి, చొక్కా గుండీ విప్పి, నడుం మీద చెయ్యేసుకున్న మనిషి. కవి అంటే కోటు తొడుక్కుని గంభీరంగా కూర్చోవాలనుకునే రోజుల్లో అదొక సవాలు. కొన్ని పేజీలకు ఆయనే స్వయంగా అక్షరాలు కూర్చుకున్నాడు. ఆకుపచ్చ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, ఆ అక్షరాలకు వేళ్లూ ఆకులూ మొలిచినట్టు అలంకారం.

మరుసటి ఏడాదికే పుస్తకం జేబులో పట్టేంత చిన్నదైంది, కవితలు 32 అయ్యాయి. ఎమర్సన్ అంతటివాడు మెచ్చుకుంటూ సొంతంగా రాసిన ఉత్తరంలోంచి ఒక వాక్యం తీసి, అడగకుండానే, పుస్తకం వీపు మీద బంగారంతో అద్దించాడు మహానుభావుడు. మన రచయితలకు ఈ విద్య కొత్తదేమీ కాదు లెండి. తరవాత 1860, 1867, 1871, 1881. చివరికి 1892లో కన్నుమూసేనాటికి ఆ పన్నెండు కవితలూ సుమారు నాలుగు వందలయ్యాయి. మధ్యలో 1882లో బోస్టన్ సర్కారు వకీలు అశ్లీలమని బెదిరిస్తే ప్రచురణకర్త జంకాడు. కొన్ని భాగాలు తీసెయ్యమంటే కవి మాత్రం ససేమిరా అన్నాడు. పుస్తకం ఫిలడెల్ఫియాకి మకాం మార్చింది.

కొంతమంది కవులు ఇల్లు మీద ఇల్లు కడతారు. విట్మన్ ఒకే ఇంటికి జీవితమంతా గదులు చేర్చుకుంటూ పోయాడు. చివరి ముద్రణనే ప్రమాణంగా తీసుకోమని ఆయన కోరాడు. నేను మాత్రం మొదటి ముద్రణ వైపే మొగ్గుతాను. చివరి దాంట్లో ఆయన తెల్లగడ్డం తాతగారు. అన్నీ సర్ది, విభాగాలు చేసి, పేర్లు పెట్టి చేతికిచ్చాడు. మొదటి దాంట్లో గుమ్మంలో నిలబడి పిలుస్తున్న ముప్పై ఆరేళ్ల మనిషి. ఆ పిలుపు వినాలంటే ఆ ముద్రణే కావాలి. ఇప్పుడు ఆ పేజీలు ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతున్నాయంటే, ఎవరో ఒకరు ఇంట్లో నూటయాభై ఏళ్లు చెదపట్టనివ్వకుండా దాచబట్టే గదా! పోగేసేవాళ్లకి మనం ఈ మేరకు రుణపడ్డాం.

మన దగ్గరా ఈ ముచ్చట లేకపోలేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ గీతాలు ఎక్కువభాగం ముప్పైల నాటివే అయినా పుస్తకంగా రావడానికి 1950 దాకా పట్టింది. 1981లో గూటాల కృష్ణమూర్తి గారు లండన్ నుంచి దాన్నే శ్రీశ్రీ చేతిరాతలో అచ్చువేయించారు. కంఠతా వచ్చిన గీతాన్ని కవి దస్తూరీలో చదవడం వేరే అనుభవం. ఎంత ఆవేశమైనా ఒక చెయ్యి, ఒక కలం, కుదురుగా కూర్చుని రాసిందేనని గుర్తుకొస్తుంది.

ఇక మా కరీంనగర్ వైపు వద్దాం. కోరుట్ల ఒకప్పుడు చేత్తో చేసిన కాగితానికి పేరుపడ్డ ఊరు. పట్వారీలు లెక్కలు రాసుకున్నది ఆ కాగితం మీదే. భూమి లెక్క రాసిన కాగితాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాం. కవిత అచ్చయిన కాగితాన్ని దాచినవాళ్లు ఎందరు?

సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్ల బడిలో చదువుకున్న సి. నారాయణరెడ్డి గారికి ఆ బెంగ లేదు. ఆయన ఇల్లు మీద ఇల్లు కట్టిన కవి. 1980లో వచ్చిన ‘విశ్వంభర’లో మనిషినే కథానాయకుణ్ని చేశారు. విట్మన్ చదివినవాళ్లకి అది దూరపు చుట్టరికంలా తోస్తుంది. అయితే విట్మన్ ‘నేను’ అని మొదలుపెట్టి అందరి దగ్గరికీ వెళతాడు. సినారె చూపు మాత్రం మొత్తం మానవుడి మీదే ఉంటుంది. అందుకే ‘విశ్వంభర’ గొప్పగా వినిపిస్తుంది గాని, భుజం మీద చెయ్యి వెయ్యదు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం వచ్చింది కనక దాని భద్రతకి లోటు లేదు.

నా బెంగంతా జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ గురించి. మొదట బొమ్మలేశాడు, జగిత్యాలలో పూర్ణిమ పేరుతో ఫొటో స్టూడియో నడిపాడు, కవితకి బొమ్మ జోడించి ప్రదర్శనలు పెట్టాడు. ‘ఎర్ర పావురాలు’ (1978), ‘మంటల జెండాలు’, ‘చురకలు’ (1979), ‘రక్తరేఖ’ (1985), ‘సంక్షోభ గీతం’ (1990), ‘సిటీ లైఫ్’ (1992). అన్నీ పలచని పుస్తకాలే. 1993 జనవరి 12న, నలభై నిండకుండానే, క్షయ ఆయన్ని తీసుకుపోయింది. సిరిసిల్లలో అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన చేతులున్నాయి. అలిశెట్టి కవిత ఆ పనితనమే. నాలుగు పొట్టి పంక్తులు, విప్పితే ఒక మనిషి బతుకంత పొడుగు.

2013లో మిత్రులు ఆయన కవిత్వమంతా ఒక్క సంపుటంగా తెచ్చారు. వాళ్లకి ఎంత దణ్ణం పెట్టినా తక్కువే, అది లేకపోతే ఈ తరానికి ఆయన పేరే తెలియదు. అయినా ఒక మాట అనాలి. లావుపాటి సంపుటంలో పొట్టి కవితలు వరసగా చదువుతుంటే, ఒకదాని దెబ్బ తగిలేలోపు ఇంకోటి వచ్చి పడుతుంది. ఇరవయ్యో కవితకి చర్మం మొద్దుబారుతుంది. ఇవి ఒక గుక్కలో తాగేవి కావు. పలచని పుస్తకంలో, బొమ్మ పక్కన, చుట్టూ తెల్లకాగితం ఉంటే ఆ నాలుగు పంక్తులే గంటసేపు కూర్చోబెడతాయి. అందుకే సమగ్ర సంపుటం వచ్చాక పాత పుస్తకాల పని అయిపోయిందనుకోకూడదు. విట్మన్ అభిమానులు మనకి నేర్పేది ఈ ఒక్కటే.

పాత పుస్తకం ఇంట్లో ఉంటుందా పోతుందా అన్నది చాలా ఇళ్లలో మన చేతిలో పని. దసరా ముందు ఇల్లు సర్దేటప్పుడు అటక మీది మూట కిందికి దిగుతుంది, బయట పాత పేపర్లవాడు కేకేస్తుంటాడు. లావు పుస్తకాలు ఎవరో ఒకరు వద్దంటారు. పలచనివే చప్పుడు లేకుండా త్రాసులోకి జారిపోతాయి. ఇంట్లో అన్నయ్యదో, మామగారిదో, కాలేజీ నాటి చిన్న కవితల పుస్తకం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. మొదటి పేజీ తిప్పి సంవత్సరం చూడండి. చిరిగిన అట్టకి జిగురు టేపు వెయ్యకండి, కొన్నాళ్లకి అదే కాగితాన్ని తినేస్తుంది. తెల్లకాగితంలో చుట్టి, తడి తగలని చోట పెట్టండి. మీకు అక్కర్లేకపోతే ఊళ్లో కవిత్వమంటే ప్రాణం పెట్టేవాళ్లు ఒకరైనా ఉంటారు, వాళ్లకివ్వండి.

మన భాషలో పత్రమన్నా ఆకే, కాగితమన్నా ఆకే. తాటాకు నాటి నుంచీ అంతే. విట్మన్ పుస్తకానికి పెట్టిన పేరులోనూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. గడ్డి దానంతటదే మొలుస్తుంది. కాగితాన్ని మాత్రం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.