కోరి కలుపుకున్న చుట్టరికం

సూళ్లూరుపేటలో డిగ్రీ తరగతికి పొణకా కనకమ్మగారిని గురించి పాఠం చెప్పి, “కనకమ్మగారి కుటుంబ జీవితం” అని ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక విద్యార్థిని లేచి, “సార్, కుటుంబమంటే ఎవరెవర్ని రాయాలి?” అని అడిగింది. నేను తడుముకున్నాను. ఆ తడబాటు నా ఒక్కడిదే కాదు, మన విమర్శది కూడాను.

కనకమ్మగారు 1892లో మినగల్లులో పుట్టారు. చిన్నతనంలోనే మేనమామతో పెళ్లి జరిగి పొట్లపూడి వచ్చారు. బడి చదువు లేకపోయినా స్వయంకృషితో సాహిత్యం నేర్చుకొని, ‘హిందూసుందరి’, ‘గృహలక్ష్మి’, ‘జమీన్ రైతు’ వంటి పత్రికల్లో రాశారు. పత్రికలో రాసిన మాట చదవగలిగిన వారికే అందుతుంది. ఆడపిల్లలకు చదువే లేని చోట ఆ మాట ఎవరికి? 1923లో నెల్లూరులో ఆమె స్థాపించిన కస్తూరీదేవి విద్యాలయాన్ని ఈ ప్రశ్నకు జవాబుగా చూడాలి. కలం పట్టిన మనిషి బడి పెట్టటం దారి మళ్లటం కాదు. ఆ దారినే ముందుకు నడవటం.

ఇక కుటుంబం మాట. పుట్టిల్లు, మెట్టినిల్లు రెండూ ఆమెకు పెద్దలు కుదిర్చినవి. మూడో ఇంటిని ఆమె తానే కట్టుకున్నారు. పెన్న ఒడ్డున పల్లిపాడులో ఆమె ఇచ్చిన భూమిలో వెలసిన ఆశ్రమాన్ని 1921 ఏప్రిల్ 7న గాంధీగారు ప్రారంభించారు. అక్కడి దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్యగార్లు ఆమెకు రక్తబంధువులు కారు, కులబంధువులూ కారు. పని కలిపిన బంధువులు.

ఈ చుట్టరికానికి సాహిత్య రూపం ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి చేసిన జంటకవిత్వం. తిరుపతి వేంకట కవులను గురించి, పింగళి కాటూరి కవులను గురించి మనం పుటలు నింపాం. ఈ జంటను ఒక వాక్యంతో దాటిపోయాం. వేరువేరు కులాల ఇళ్లలో పుట్టిన ఇద్దరు స్త్రీలు ఒకే పద్యం కింద రెండు పేర్లు పెట్టటం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతా? జంటకవిత్వంలో ఇది నాది, అది నీది అన్న హద్దు చెరిగిపోతుంది. కాగితం మీద జరిగిన ఈ ఉమ్మడి కాపురాన్ని విమర్శ పట్టించుకోలేదు.

ఆమె విషయంలో మనవాళ్లు రెండు పొరపాట్లు చేశారు. కొందరు “త్యాగమూర్తి” అని దండ వేసి, చదవకుండా వదిలేశారు. మరికొందరు “భూస్వామ్య వర్గపు స్త్రీ” అని ముద్ర వేసి, వారూ చదవకుండానే వదిలేశారు. రెండో మాటలో నిజం లేకపోలేదు. ఇవ్వటానికి భూమి ఉన్నవారికే ఆశ్రమాలు కట్టే వీలుంటుంది. ఆ భూమిలో చెమటోడ్చిన వారు ఈ కొత్త చుట్టరికంలో ఎంతవరకు చేరారన్నది అడిగి తీరవలసిన ప్రశ్న. అయితే ఆ ప్రశ్న అడగాలన్నా ముందు పుస్తకం చదవాలి గదా.

ఆస్తి కరిగిపోయింది. ఉప్పు సత్యాగ్రహపు రోజుల్లో జైలుకు వెళ్లారు. ఒక్కగానొక్క కూతురు ఆమె కళ్లముందే పోయింది. తర్వాత ఆమె రమణ మహర్షి వైపు తిరిగారు. ఈ మలుపు అభ్యుదయవాదికి రుచించదు, నాకూ రుచించదు. కాని కడుపుకోతను సిద్ధాంతంతో కొలిచే విమర్శ మనుషుల్ని చదవలేదు. డబ్బు ఉన్నంతకాలం చుట్టూ జనం ఉండటంలో వింత లేదు. డబ్బు పోయాక కూడా నిలిచినదేది అన్నదే అసలు పరీక్ష. బడి నిలిచింది.

1963లో ఆమె కన్నుమూశారు. ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ డాక్టర్ కాళిదాసు పురుషోత్తంగారి సంపాదకత్వంలో 2011లో గాని వెలుగు చూడలేదు. నలభై ఎనిమిదేళ్లు! మగవారి ఆత్మకథలు పాఠ్యగ్రంథాలై వెలుగుతున్న కాలమంతా ఈమె మాట చీకట్లోనే ఉంది. ఇందులో సాహిత్య చరిత్రకారుల బాధ్యత ఎంతో మనం నిజాయితీగా చెప్పుకోవాలి.

2022లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. జిల్లా మారినంత మాత్రాన పెన్న ఒడ్డు మాకు పరాయిది కాలేదు. మర్నాడు ఆ విద్యార్థినితో అన్నాను: “లక్ష్మీబాయమ్మగారితో మొదలుపెట్టమ్మా. పల్లిపాడు వాళ్లను రాయి. బడిలో చదువుకున్న ఆడపిల్లల్ని రాయి. చోటు చాలకపోతే అదనపు కాగితం అడుగు.”