పౌలు చూడని పైటచెంగు

పోయిన డిసెంబర్లో అమ్మమ్మ సాంవత్సరిక పూజకి కొత్తపట్నం వెళ్ళాం. కొత్తపట్నం అనగానే చరిత్ర చదివినవాళ్ళకి 1937 నాటి రాజకీయ పాఠశాల గుర్తొస్తుంది, ఒంగోలు కుర్రాళ్ళకి బీచ్ గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది గాలి. చిన్నప్పుడు ఆ సముద్రపు గాలికి ఆడవాళ్ళు చెంగు కొస పళ్ళతో బిగించి పట్టుకుని, గుడి గుమ్మం దగ్గర వంగి చెప్పులు విడిచేవాళ్ళు. మావాళ్ళు ఆర్.సి.ఎం. వాళ్ళు. చర్చిని గుడి అంటారు, ఆరాధనని పూజ అంటారు.

ఆ రోజు మొదటి పఠనం అక్క చదవాలి. మైకు దగ్గరికి వెళ్ళేసరికి చున్నీ జారి భుజాల మీదికొచ్చింది. ముందు చాప మీద కూర్చున్న పెద్దావిడ ఒకామె "అమ్మాయ్, నెత్తిన వేసుకో" అంది, మైకులో పడేంత గట్టిగా. అక్క వేసుకుంది, చదివింది, దిగొచ్చింది. రాత్రి భోజనాలయ్యాక నన్ను పట్టుకుంది. "నువ్వేవో చదివి రాస్తుంటావు కదరా, ఆ రూలు ఎక్కడుందో చూపించు."

రూలు వెతకడం మా వృత్తే కాబట్టి వెతికాను. ఉంది, కాదు, ఉండేది. 1917 నాటి క్యాథలిక్ చట్టసంహితలో 1262వ నియమం. మొదటి భాగం: పాత క్రమశిక్షణ ప్రకారం గుడిలో ఆడవాళ్ళు మగవాళ్ళకి విడిగా ఉండటం మంచిది. రెండో భాగం: మగవాళ్ళు తల మీద ఏమీ లేకుండా ఉండాలి, ఆడవాళ్ళు తల కప్పుకుని, మర్యాదగా బట్టలు కట్టుకుని ఉండాలి, ముఖ్యంగా సత్ప్రసాదానికి వెళ్ళేటప్పుడు. ఇందులో ఒక తమాషా ఉంది. ఆ ప్రాంతపు ఆచారం వేరుగా ఉంటే మగవాళ్ళకి మినహాయింపు ఉంది. ఆడవాళ్ళ వాక్యంలో ఆ మినహాయింపు రాయలేదు.

1983లో కొత్త సంహిత వచ్చి పాతదాన్ని మొత్తంగా రద్దు చేసింది. కొత్తదాంట్లో తల ముసుగు ఊసే లేదు. అంటే నలభై ఏళ్ళ కిందట డిలీట్ చేసిన కోడ్ మా ఊరి ప్రొడక్షన్లో ఇంకా నడుస్తోందన్నమాట. అక్కకి ఈ జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా ఊళ్ళో ఎవరూ 1917 సంహిత చదివి చెంగు కప్పుకోలేదు కదా. ఒంగోలు చుట్టుపక్కల బాప్టిస్టులకి రోము చట్టంతో పనే లేదు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. వాళ్ళ ఆడవాళ్ళూ చెంగు కప్పుకునే కూర్చుంటారు. కాబట్టి చట్టం సంగతి పక్కనపెట్టి, ఆ చట్టం దేని మీద నిలబడిందో ఆ పాఠం చదవాలి. అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి లేఖ, పదకొండో అధ్యాయం.

దాన్ని నేను అమ్మమ్మ బైబిల్లో చదివాను. అమ్మమ్మ పుట్టిల్లు బాప్టిస్టులది. పెళ్ళై క్యాథలిక్ ఇంటికొస్తూ నల్ల అట్ట పాత బైబిల్ తెచ్చుకుంది. పూజలో చదివే క్యాథలిక్ అనువాదం వేరు, ఇంట్లో చదివింది ఇదే.

పదిహేనో వచనం దగ్గర ఆగిపోయాను. స్త్రీకి పొడవైన జుట్టు దేనిగా ఇవ్వబడిందో చెప్పే చోట మన పాత అనువాదకులు వాడిన మాట "పైటచెంగు". గ్రీకులో అక్కడున్నది పెరిబోలాయన్. చుట్టూ వేసుకునేది, ఒంటి మీద కప్పుకునే వస్త్రం అని అర్థం. పెరి అంటే చుట్టూ, బోల్ అన్నది వేయడం నుంచి వచ్చింది. మనం పైట "వేసుకుంటాం" కదా, ధాతువుతో సహా సరిపోయింది. ఇంత హాయైన అనువాదం నేను తక్కువ చూశాను. ఆ అధ్యాయంలో మిగతా చోట్ల "ముసుకు" అనే వాడారు. ముసుగు అంటే దాచేది, బయటినుంచి తెచ్చి వేసేది. చెంగు అలా కాదు, కట్టుకున్న చీరలోదే. కొంగున ముడేసుకోవడం, కొంగుబంగారం, కొంగు చాచి అడగడం, ఆడవాళ్ళ బతుకంతా ఆ మూర గుడ్డ చుట్టూ తిరిగిన భాష మనది. కానుకలప్పుడు అమ్మమ్మ నెత్తిన చెంగు దించకుండానే కొస ముడి పళ్ళతో విప్పి రూపాయి తీసేది.

అనువాదం అంత బాగుండటమే చిక్కు. పైటచెంగు అనే మాట పడగానే, పౌలు కొరింథు వీధుల్లో చీర కట్టిన ఆడవాళ్ళని చూసే రాశాడు అనిపిస్తుంది. ఊరి అలవాటు వాక్యం అయిపోతుంది. ఇంకో సంగతి. జుట్టే పైటచెంగుగా ఇచ్చారంటే, దాని మీద మళ్ళీ ఇంకో చెంగు ఎందుకు? ఈ మెలిక గ్రీకులోనే ఉంది. వ్యాఖ్యాతలు దీనితో కుస్తీ పడుతూనే ఉన్నారు. తెలుగులో కూడా మెలిక అలాగే మిగిలింది, అనువాదకులు నునుపు చేయలేదు. అది వాళ్ళ నిజాయితీ.

పదో వచనంలో మాత్రం నునుపు చేశారు. స్త్రీకి తల మీద "అధికార సూచన" ఉండాలి అని తెలుగు. గ్రీకులో సూచన లేదు, ఉత్త అధికారమే ఉంది, ఎక్సూసియా. సూచన అని చేరిస్తే ముసుగు ఎవరి అధికారానికో గుర్తు అయిపోతుంది, ఎవరి అధికారమో చెప్పక్కర్లేదు, పాఠకుడే మొగుడిదని నింపుకుంటాడు. 1964లో మోర్నా హూకర్ అనే బైబిల్ పండితురాలు ఇది ఆమెకున్న అధికారమే, దేవుని ముందు నిలబడి మాట్లాడే అధికారం అని వాదించింది. నాకు ఈ వాదన నచ్చింది, అక్క వైపు మాట్లాడుతోందని కాదు. ఐదో వచనంలో పౌలు ప్రార్థించే, ప్రవచించే ఆడవాళ్ళ గురించే మాట్లాడుతున్నాడు. సభలో నోరు తెరిచి మాట్లాడుతున్న ఆడవాళ్ళు ఆయన కళ్ళముందు ఉన్నారు. తల ఎలా ఉండాలన్నదే గొడవ, మాట్లాడొచ్చా అన్నది కాదు. అదే లేఖ పద్నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి స్త్రీలు సభలో మౌనంగా ఉండాలి అంటుంది. ఈ రెండూ ఎలా పొసుగుతాయో ఇప్పటికీ తేలలేదు.

1976 అక్టోబర్లో రోము ఇచ్చిన ఒక ప్రకటన ఇక్కడే చేతివాటం చూపించింది. తల కప్పుకోమనడం ఆ కాలపు ఆచారం, పెద్ద ప్రాముఖ్యం లేనిది, ఇప్పుడు కట్టుబడక్కర్లేదు అని చెప్పిన పత్రం అది. మంచిదే. అయితే ఆ పత్రం రాసింది ముసుగు తీసేయడానికి కాదు, ఆడవాళ్ళు గురువులు కాకూడదని చెప్పడానికి. పదకొండో అధ్యాయం ఆచారం, పద్నాలుగో అధ్యాయం మాత్రం వేరే కోవకి చెందిందట. గుడ్డ వదిలేశారు, బలిపీఠం దగ్గర గీత అలాగే ఉంచారు. పఠనం చదివే సేవని అధికారికంగా ఆడవాళ్ళకి ఇవ్వడానికి 2021 జనవరి దాకా పట్టింది, పోపు ఫ్రాన్సిస్ కలం నుంచి. మా అక్కలాంటివాళ్ళు అంతకు చాలా ముందునుంచే చదువుతున్నారనుకోండి.

ఇంతవరకూ రాసి, నేనే గెలిచానన్న ధీమాతో ఉండగా ఒక పాత జ్ఞాపకం అడ్డొచ్చింది. రెండేళ్ళు ఆన్‌సైట్లో ఉన్నప్పుడు కుతూహలం కొద్దీ ఒక లాటిన్ పూజకి వెళ్ళాను. 2007లో పోపు బెనెడిక్ట్ తలుపులు తెరిస్తే, 2021లో ఫ్రాన్సిస్ మళ్ళీ బిగించిన ఆ పాత పద్ధతి పూజ. అక్కడ ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు లేసు మాంటిల్లాలు వేసుకుని మోకాళ్ళ మీద ఉన్నారు. ఎవరూ వాళ్ళని గదమాయించలేదు. వాళ్ళ అమ్మలు వదిలేసినదాన్ని వాళ్ళు ఏరుకుని తెచ్చుకున్నారు. చూడటానికి అందంగా ఉంది, కాదనను. కానీ ఎంచుకున్న ముసుగుకీ మైకులో చెప్పి వేయించిన ముసుగుకీ మధ్య దూరాన్ని లేసు అందం కప్పలేదు.

మరి అమ్మమ్మ? ఆమె ఎంచుకుందా? మిరప కోతలకి వెళ్ళినప్పుడు చీర మీద తాత పాత చొక్కా తొడిగి, తలకి తువ్వాలు చుట్టేది, ఘాటుకీ ఎండకీ. అది పని గుడ్డ. ఆదివారం అదే తల మీదికి ఉతికిన చీర చెంగు వచ్చేది. మా వైపు ముత్తైదువలు మామూలుగా తల కప్పరు. నెత్తిన చెంగు కనపడితే గుడికి పోతోందని ఊరందరికీ తెలుస్తుంది. రోము చుట్టుపక్కల మగవాళ్ళు తల కప్పుకుని దేవతలకి బలులిస్తుంటే, పౌలు తనవాళ్ళని తల కప్పుకోవద్దన్నాడు. మా ఊళ్ళో అదే వాక్యం తాత దగ్గరికొచ్చేసరికి ఇంకోలా పలికింది. ఆసామి ఎదురైతే తలగుడ్డ తీసి చంకన పెట్టుకోవలసిన మనిషి, గుడిలోకీ తలగుడ్డ తీసే వెళ్ళాడు. ఆయనకి రెండిట్లో తేడా ఏం తెలిసిందో నేను అడగలేదు. అమ్మమ్మకి మాత్రం తేడా తెలుసు. పొలంలో ఒంటి మీద చీర ఎలా ఉందో ఎవరికీ పట్టని మనిషికి, నిండుగా కప్పుకుని చాప మీద కూర్చునే గంటన్నర అది. తిరువాన్కూరులో నాడార్ క్రైస్తవ స్త్రీలు పైగుడ్డ వేసుకునే హక్కు కోసం 1859 దాకా దెబ్బలు తిన్నారు. కప్పుకోవడం అణకువ అని నేను బెంగుళూరులో కూర్చుని తేలిగ్గా రాయగలను, అణకువగానే ఉండాల్సి వచ్చినవాళ్ళకి కప్పుకోవడం ఇంకోటి కావచ్చు.

అక్క తలమీద మాత్రం ఆ అర్థం లేదు. ఆమె జీతం తెచ్చుకుంటుంది, ఆమె చున్నీని ఊరు చూసే చూపు వేరు. "నెత్తిన వేసుకో" అన్న పెద్దావిడ బహుశా అమ్మమ్మ తరపున అంది. అయినా నాకు కోపం పోలేదు. దేవుని వాక్యం చదువుతున్న మనిషిని మధ్యలో ఆపే హక్కు పౌలు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

పోయిన వారం ఫోన్లో ఇదంతా అక్కకి చెప్పాను. చివర్లో ఇంకో సంగతి కూడా చెప్పాను. క్యాథలిక్ పూజల్లో చదివే పఠనాల పట్టికలో ఆ భాగం లేనే లేదు. పదకొండో అధ్యాయం మొదటి వచనం ఉంటుంది, తర్వాత పదిహేడుకి గెంతుతుంది. రెండు నుంచి పదహారు దాకా ఏ ఆదివారమూ, ఏ మామూలు రోజూ చదవరు.

కాసేపు మాట్లాడలేదు. "గుడిలో ఎప్పుడూ చదవని వాక్యం ఆవిడకెలా తెలుసురా మరి?"

"అమ్మమ్మ దగ్గర మధ్యాహ్నాలు కూర్చునేది కదే," అన్నాను. "అమ్మమ్మ చదివి వినిపించి ఉంటుంది."