దొరల ఉత్తరాలు, మన గుడిసెలు

దొరల ఉత్తరాల్ని చరిత్ర పరిశోధకులకి వదిలేశాం. వాటిని కథ చదివినట్టు చదవాలంటాను నేను. కథలో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు అని చూస్తాం గదా. ఆ చూపే వీటిమీదా పెట్టాలి.

1841 జనవరిలో ఇంగ్లీషువాళ్లు హాంకాంగ్ దీవిని పట్టుకున్నారు. దండుకి వెదురుబొంగులు, చాపలతో పాకలేశారు. జూలై తుపానుల్లో పాకలు కూలాయి. 1843లో మే నుంచి అక్టోబరులోపు జ్వరాలతో దండులో దాదాపు 24 శాతం మంది చచ్చిపోయారు. గవర్నరు లండన్‌లోని వలసల మంత్రి లార్డ్ స్టాన్లీకి రాయాలి. బ్యారక్‌లు కట్టేది ఆర్డినెన్సు శాఖ, దాని పెద్ద సర్ జార్జ్ మర్రే. డబ్బులు ఖజానా శాఖవి. ఉత్తరం పోయి జవాబు రావాలంటే నెలలు. చావుకి అంత ఓపిక ఉంటుందా?

ఆ యుద్ధానికి మద్రాసు సైన్యం 37వ పటాలమూ పోయింది. 1840లో అందులో కొందర్ని ఎక్కించుకున్న ఓడ చైనా సముద్రంలో జాడలేకుండా పోయింది. దాని పేరు గోల్కొండ. మద్రాసు సైన్యమంటే తెలుగువాళ్లు, తమిళులు, ముస్లింలు, వాళ్లతోపాటు అంటరాని కులాలవాళ్లూ. ఈ దేశంలో సిపాయికి కంపెనీ బ్యారక్ కట్టలేదు, గుడిసేసుకోమని కొంత డబ్బు చేతిలో పెట్టేది. సిపాయికి బ్యారక్ లేదు, వంటిల్లు లేదు, స్నానాల గది లేదని 1863లో నైటింగేల్ అచ్చులోనే చెప్పింది. ఈ కాయితాల్లో సిపాయి లెక్కగా వస్తాడు, మనిషిగా రాడు.

ఈ భాష నాకు కొత్తగాదు. నేను చదివిన హాస్టల్లో వానొస్తే ట్రంకుపెట్టెలు నెత్తినెట్టుకుని నిలబడేవాళ్లం. కప్పు బాగుచెయ్యమన్న కాయితం ఆఫీసుల చుట్టూ తిరిగేది. అందులో మా పేర్లుండవు. ‘బోర్డర్ల సంఖ్య’ ఉంటుంది.

పటాలమే మనకి అక్షరమిచ్చిందని మనవాళ్లు కొందరంటారు. అబద్ధం కాదు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సుబేదారు, సైనిక బడిలో పంతులు. అంబేద్కర్ 1891లో పుట్టింది మౌ కంటోన్మెంటులోనే. కానీ అవసరం తీరాక అదే పటాలం 1890లలో మహర్లకి తలుపేసింది. ఇచ్చిన అక్షరాన్ని ఒప్పుకుందాం. ఇవ్వని కప్పునీ, వేసిన తలుపునీ మాత్రం దాచొద్దు.

హాంకాంగ్‌లో అఫీసర్లకి కట్టిన రాతిభవనం మర్రే హౌస్. దాన్ని 1982లో ఒక్కో రాయికీ నంబరేసి విప్పారు. తర్వాత స్టాన్లీ అనే చోట మళ్లీ నిలబెట్టారు. ఉత్తరాల నాటి ఇద్దరు దొరల పేర్లూ అలా ఒక్కచోటే బతికున్నాయి. పాకల్లో పడుకున్నవాళ్ల పేర్లు ఏ గోడమీద వెతకాలి?

మనవైపు నుంచీ ఒక ఉత్తరముంది. రిటైరైన సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో రాసిన అర్జీ. మమ్మల్ని సైన్యంలోకి ఎందుకు రానివ్వరని మనిషిగా అడిగాడు. కాలేజీ పిల్లలు దొరల ఉత్తరాల పక్కన దాన్నీ పెట్టుకుని చదవాలి. ఏది సాహిత్యమో అప్పుడు తేల్చండి.