లందలో దిగినోనికి పర్యావరణ పాఠమా?

వృత్తి శిక్షణలో ‘సుస్థిరత’ పాఠం పెట్టాలన్న మాట ఈమధ్య బాగా వినబడుతున్నది. 2017లో యునెస్కో-యునెవోక్ శిక్షణ సంస్థల కోసం ఒక మార్గదర్శిని తెచ్చింది. ప్రాంగణం, పాఠ్యక్రమం, సమాజం, పరిశోధన, సంస్కృతి - ఈ అయిదింటినీ పచ్చగా మార్చాలంటుంది. కాదనేదేముంది? అయితే ఈ దేశంలో వృత్తి అంటేనే కులం. ఏ పని ఎవరి వంతుకొస్తుందన్న ప్రశ్న ఆ అయిదు శీర్షికల్లో దేనికింద అడగాలి?

నాకు తెలిసిన తోలు పనినే తీసుకుందాం. మా తాత సున్నం, తంగేడు చెక్క, కరక్కాయలతో లందలో తోళ్ళు ఊనేవాడు. తోలు సున్నంలో ఎన్ని రోజులు నానాలె, వెంట్రుక ఎప్పుడు ఊడుతది, చెక్క నీళ్ళు ఎప్పుడు మార్చాలె - ఆయన వేళ్ళకు తెలుసు. ఆ చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్‌ను పట్టుకొని కుళ్ళకుండా ఆపుతుందని నేను యూనివర్సిటీ లైబ్రరీలో చదువుకున్నాను. తాతకు ఆ పేరు తెల్వదు. ఆయన వేళ్ళకు తెలిసింది నాకు ఇప్పటికీ తెల్వదు. క్రోమ్ వచ్చినంక వారాలు, నెలలు పట్టే పని రోజుల్లో అయిపోయింది. ప్రపంచంలో ఇవాళ ఎక్కువ భాగం తోలు క్రోమ్‌తోనే ఊనుతున్నారు. మా ఊరి లంద పూడిపోయింది. పని ఫ్యాక్టరీకి పోయింది. యజమాని మారిండు గాని తొట్టిలో దిగేటోడు మారలేదు.

విచిత్రమేమంటే, ‘సుస్థిర అభివృద్ధి’ అన్న మాట మన న్యాయశాస్త్రంలో గట్టిగా నిలబడ్డది కూడా తోలు ఫ్యాక్టరీల కేసులోనే. పాలార్ నదిని పాడుచేస్తున్నాయని వెల్లూరు పౌర సంక్షేమ ఫోరం వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది. ఒక్కో ఫ్యాక్టరీకి 10,000 రూపాయల జరిమానా వేసింది. మంచి తీర్పే. కానీ 2015 జనవరి 31న అదే ప్రాంతంలో, రాణిపేటలో, ఉమ్మడి మురుగునీటి శుద్ధి కేంద్రం తొట్టి గోడ కూలింది. పక్క ఫ్యాక్టరీలో నిద్రపోతున్న కార్మికుల మీద బురద పడి 10 మంది చచ్చిపోయిండ్రు. శుద్ధి చేసే కేంద్రమే! నదిని కాపాడటానికి కట్టిన తొట్టే కూలీలను మింగింది.

సుస్థిరత పాఠం ఇక్కడ మొదలు కావాలె. నేను చూసిన ఒక శిక్షణ కేంద్రంలో పాఠం వేరు. లైట్లు ఆర్పండి, ప్లాస్టిక్ వాడకండి, మొక్కలు నాటండి. చెప్పేది ఎవరికి? తెగిన చెప్పును టైరు ముక్కతో కుట్టుకొని మళ్ళీ తొడుక్కున్న ఇండ్ల పిల్లలకు! తక్కువలో బతకడం మాకు ఇంకొకరు నేర్పాల్నా? క్రోమ్ నీళ్ళు ఒంటికి తగిలితే ఏమైతది, గ్లవ్స్ ఇవ్వకపోతే పని ఆపొచ్చునా, ఆ బురద చివరికి ఎక్కడికి పోతది అని ఒక పిల్లగాడు అడిగిండు. సిలబస్‌లో లేదన్నారు సారు. సారు తప్పు కాదు, ఆయన చేతిలోని పుస్తకంలో నిజంగనే లేదు.

ఇంకో పక్కనుంచి కొందరు మిత్రులంటారు: కులవృత్తులే పర్యావరణానికి మంచివి, వాటినే బతికిద్దామని. ఇక్కడే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం పిల్లలకు ఒక పూటే బడి పెట్టి, మిగతా పూట తల్లిదండ్రుల పని నేర్చుకోమన్నది. కులవిద్య అని జనం తిరగబడితే 1954లో అది రద్దయింది. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. చెప్పులు కుట్టడం, బట్టలుతకడం, క్షౌరం వాటిలోవే. శిక్షణకు రోజుకు 500, పనిముట్లకు 15,000 రూపాయలు. ఆ డబ్బును నేను చిన్నచూపు చూడను. చెట్టుకింద కూర్చొని కుట్టేటోనికి అది పెద్దదే. కానీ కుటుంబ వృత్తి, గురుశిష్య పరంపర అన్న మాటల వెనక ఏ పాత గోడ ఉందో మనకు తెల్వదా? కుటుంబ వృత్తి షరతు తీసేయాలని అడిగిన తమిళనాడు ప్రభుత్వం, 2024 నవంబర్‌లో ఈ రూపంలో దీన్ని అమలు చేయబోమన్నది.

తాత జ్ఞానం సిలబస్‌లోకి రావాలె, తాత కులం మాత్రం దాని వెంట రావద్దు. అంటే తంగేడు చెక్క పాఠం పాలిటెక్నిక్‌లో అన్ని కులాల పిల్లలూ చదవాలి. ఇంకా మిగిలిన ముసలోళ్ళను డిగ్రీ అడగకుండా బోధకులుగా, బోధకుల జీతంతోనే పెట్టుకోవాలి. తొట్టి శుభ్రం చేసే పని యంత్రానిది కావాలి. ఇవి లేకుండా పచ్చదనం గురించి ఎంత చెప్పినా మాకు ఎక్కదు.

మా తమ్మునికి ఐటిఐలో తోలు వస్తువుల ట్రేడ్‌లో సీటొస్తే నాయిన ఒప్పుకోలేదు. “లందలకెల్లి బయటికి తీస్తే మల్లా అండ్లకే పోతవా బిడ్డా” అన్నడు. తమ్ముడు ఎలక్ట్రీషియన్‌లో చేరిండు. తాత దగ్గర పని నేర్చినోళ్ళు మా ఇంట్లో ఇప్పుడెవరూ లేరు.